బొద్దుబాతుకు వేసిన లోపలి మడత

సమస్త గడియారములును తమ ముళ్లను నాలుగింటి వంకకు ఎక్కుపెట్టి నిలిచిన శుభవేళ, పశ్చిమ దిగంతమునకు దిగజారుచున్న భాస్కరుడు ఎదురు మేడపై ఆరవేసిన దుప్పట్ల సందులగుండా తన కిరణసహస్రమును చొప్పించి, మూడవ అంతస్తు ముందుగదిలో ఒక కాలు విరిగి ఇటుకపై ఆని నిలిచిన మూడుసీట్ల సోఫాను స్వర్ణసింహాసనమువలె వెలిగింపగా, దాని ఎడమకొసన ఆసీనుడై యుండెను. ఎవడు? కర్తరీపాణి, కంఠలంబిత కొలతటేపుధారి, అర్ధశతాబ్ద ప్యాంటునిర్మాణ ధురంధరుడు, దర్జీతాత!

ఆ మహావీరుడిని నేనే. కథ చెప్పేవాడే కథానాయకుడు కావడంవల్ల విశేషణాలు కాస్త వదులుగా పడ్డాయి. జారుతున్నచోట మీరే ఒక పిన్ను పెట్టుకోండి.

అతని కుడిపార్శ్వమున, ఎనిమిదేండ్ల ప్రాయమున, ముందుపళ్లు రెండింటిని ఇదివరకే కోల్పోయి మూడవదానిని నాలుకతో కదల్చుచు కూర్చుండినది మనవరాలు, చిన్నది. మూడవ సీటు ఖాళీ. ఆ ఖాళీని గుర్తుంచుకోండి. ఈ యుద్ధమంతా దానికోసమే.

ఇరువురి హస్తములందును ఆట ఆడే రిమోట్లు. ఎదుట టీవీ. టీవీలో బొద్దుబాతు.

బొద్దుబాతు అంటే పసుపుపచ్చని గుండ్రటి బాతు. దీవి నుంచి దీవికి దూకుతూ గవ్వలు ఏరుతుంది. ఈ ఆట ఇప్పటికి ఆరు భాగాలు వచ్చింది. ఆరు డబ్బాల మీదా ‘అన్ని వయసులవారికీ’ అన్న పచ్చముద్ర. దుకాణం మూసి ఇంటికి చేరిన తొలినాళ్లలో దర్జీతాత ఆ ముద్ర చూసి, ‘అన్ని వయసులంటే నాదీ వచ్చిందిగా’ అనుకొని రణరంగమునకు దిగెను.

దిగి ఏమి చేసెను? మొదటి భాగమున, మొదటి దీవిలో, మొదటి గట్టుపై పచార్లు చేయు ఎర్రపీతచేత నూటపన్నెండు దినములు వరుసగా కూలెను! చిన్నది ఆరు భాగాలూ అన్నతో కలిసి ఎప్పుడో ముగించేసింది. అయినా తాతకోసం రోజూ నాలుగింటికి మళ్లీ మొదటి గట్టు దగ్గరికి వచ్చి నిలబడుతుంది.

“తాతయ్యా, దూకు! దూకు!”

“దూకానే!”

“దూకలేదు, కూర్చున్నావు. అది కూర్చునే బటన్.”

“మరి చెప్పవేం?”

“రోజూ చెప్తూనే ఉన్నా కదా!”

పీత కొట్టింది. బాతు ఈకలు నాలుగు ఎగిరాయి.

ఒకప్పుడు మూడో సీటులో పెద్దాడు, అంటే పదిహేనేళ్ల మనవడు, కూర్చునేవాడు. తాత వేళ్లు పట్టుకుని మొదటి నెలంతా నేర్పింది వాడే. ఒకరోజు వాడి స్నేహితులు ఇంటికొచ్చి, బాతును చూసి పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ మరునాటినుంచి వాడు లోపలిగదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. పిలిస్తే “చిన్నపిల్లల ఆట తాతయ్యా” అంటాడు. ఆ మాట అన్న నోటిమీద మీసం ఇంకా సరిగా మొలవలేదు.

అట్టి ఆ సాయంసమయమున, నూటపదమూడవ పతనానంతరము, టీవీ తెర నల్లబడి, దానిపై ప్రళయకాల శాసనమువలె తెల్లని అక్షరములు వెలిసెను. చిన్నది కూడబలుక్కుని చదివింది: “ఏడో భాగం ఎలా ఉండాలి? అందరికీనా? పన్నెండేళ్లు దాటినవారికి మాత్రమేనా? లేక మీదైన వేరే మాటా? ఇంటికొక ఓటు. ఈ సాయంత్రం ఆరు గంటలవరకే.”

ఇంట్లో కోడలి చట్టం ఒకటుంది. డబ్బామీద ఎంత వయసు రాసి ఉంటే అంతా నిండాలి. ఒక్కరోజు తగ్గినా ఆ డబ్బా గడప దాటి లోపలికి రాదు.

చిన్నది వేళ్లు మడిచింది. “పన్నెండైతే నాకింకా నాలుగేళ్లు తాతయ్యా.”

దర్జీతాతకు డెబ్బైనాలుగు. దర్జీలకు కూడికలు చప్పున వచ్చేస్తాయి. ఆ ఒక్క కూడిక మాత్రం కాస్త ఆలస్యంగా వచ్చుంటే బాగుండేది.

“అందరికీ అని నొక్కేద్దాం,” అన్నాడు.

సరిగ్గా అప్పుడే లోపలిగది తలుపు తెరుచుకుంది. హెడ్‌ఫోన్లు మెడకు హారమువలె వ్రేలాడుచుండ, నిక్కరు మోకాళ్లు దాటుచుండ, సాక్షాత్తు పెద్దాడే!

“ఏడో భాగం ఓటా? తాతయ్యా, పన్నెండుకే నొక్కు. ప్లీజ్. బాతు కొంచెం పెద్దదైతే నేను మళ్లీ ఆడతా.”

వింటిరా! ఒక బటన్ నొక్కితే చిన్నది పోతుంది. ఇంకోటి నొక్కితే పెద్దాడు రాడు. యాభైయేండ్లు ఎవరి గుడ్డనూ పాడుచేయక కత్తెర ఆడించిన చేయి గాలిలో ఆగిపోయెను. నడుమ చిన్నది ఆ చేయి పట్టుకుని అటు లాగింది, పెద్దాడు ఇటు లాగాడు, బొటనవ్రేలు ఎక్కడో తగిలింది, టీవీ గంభీరముగా పలికెను:

“మీ వయసు పదేళ్లు. ఓటు వేయడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవాలి.”

లాగులాట ఆగెను.

“ఎవరి వయసు?” అన్నాడు పెద్దాడు.

ఇక దాచి లాభంలేదు. రెండేళ్లక్రితం ఈ ఆటల పెట్టె కొన్నప్పుడు పేరు రాయించే పని తాతకు పడింది. పుట్టిన సంవత్సరం అడిగి, తెరమీద ఒక చక్రం పెట్టారు. అది ఆ ఏటినుంచి వెనక్కి ఒక్కో ఏడాదే తిరుగుతుంది. తాత తిప్పాడు, తిప్పాడు. ఎనిమిదేళ్లు వెనక్కి వెళ్లేసరికి బొటనవేలు తిమ్మిరెక్కింది. ఇంకా అరవైనాలుగేళ్లుంది. దుకాణంలో ఒకాయన ప్యాంటుకోసం నిలబడి ఉన్నాడు. ‘ఎవడు చూడొచ్చాడులే’ అని అక్కడే వదిలేశాడు. రెండేళ్లు గడిచాయి. పెట్టె మాత్రం నిజాయితీగా లెక్కపెట్టుకుంటూనే ఉంది.

ఐదుంపావుకు కోడలు ఆసుపత్రి డ్యూటీ దిగి లోపలికి వచ్చింది. నర్సు. చెప్పులు విడుస్తూనే ఫోను చూసుకుని నిలబడిపోయింది.

“‘మీ పదేళ్ల బాబు ఓటు వేయాలనుకుంటున్నాడు, ఒప్పుకుంటారా’ అని వచ్చింది. మనింట్లో పదేళ్ల బాబు ఎవరు?”

పిల్లలిద్దరూ తాతవైపు చూశారు.

కోడలు కూడా అటే చూసి, “హోంవర్క్ అయిందా మామయ్యా?” అంది.

అయ్యో! కోట్లకు కాలర్లు నిలబెట్టినవాడు, తన తలను నిలబెట్టుకోలేక సోఫాలోకి కూరుకుపోయెను.

ఆపై మహాసభ ప్రారంభమాయెను. కొడుకు ఆ వేళ బస్సు నడుపుతూ డ్యూటీలో ఉన్నాడు కాబట్టి సభలో నలుగురే.

“ఒప్పుకుంటా గానీ, దేనికో చెప్పండి,” అంది కోడలు. “పన్నెండుకైతే కుదరదు. రోజంతా రక్తం తుడిచి వస్తాను. ఇంటికొచ్చాక టీవీలో కూడా అదేనా?”

“నేను మాత్రం?” అన్నాడు తాత. “యాభైయేళ్లు సూదితో వేళ్లు పొడుచుకున్నా. నాదే బోలెడు చూశా.”

“అబ్బా, రక్తం ఎవరడిగారమ్మా!” పెద్దాడి గొంతు పగిలి, సగం సన్నగా సగం లావుగా వచ్చింది. “అందులో అన్నీ దాచేస్తారు. అదీ నా కోపం. బాతు వాళ్ల నాన్న ఆరు భాగాల్నుంచీ ‘దూరప్రయాణం’ వెళ్లాడట. ఏం ప్రయాణం? ఆయన చచ్చిపోయాడు. అందరికీ తెలుసు. చిన్నపిల్లలు ఏడుస్తారని చెప్పరు.”

“అన్నయ్యా!” చిన్నది సోఫామీద నిలబడి అరిచింది. “తాతయ్య ముందు చెప్పకు అన్నానా లేదా!”

అందరూ తాతను చూశారు.

తాతకు తెలియదు. ఎలా తెలుస్తుంది, ఆయన పీతను దాటలేదు కదా. వాళ్ల నాన్న కోసమే ఆ బాతు గవ్వలు ఏరుతోందని, దొరికాక ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్తారని నూటపదమూడు రోజులుగా నమ్ముతూ వచ్చాడు.

“నిజంగానా?” అన్నాడు.

చిన్నది దిగి వచ్చి చేయి పట్టుకుంది. “నాలుగో దీవిలో ఆయన టోపీ చెట్టుకి తగిలించి ఉంటుంది తాతయ్యా. టోపీ లేకుండా ఎవరైనా ప్రయాణం వెళ్తారా? నాకు అప్పుడే తెలిసింది. నువ్వు బాధపడతావని చెప్పలేదు. నువ్వు పీత దాటాక చెబుదాం అనుకున్నా.”

“దాటకపోతే?”

“అప్పుడు చెప్పక్కర్లేదు కదా.”

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, ఇంకెందుకో.

అంత, తన ఇంటిలో వయోపరిమితి అవసరమైన ఏకైక ప్రాణి తానేయని గ్రహించిన ఆ డెబ్బైనాలుగేండ్ల పదేండ్ల బాలుడు, మెడనున్న టేపును విజయధ్వజమువలె ఝాడించి లేచి, ఎదుట లేని ఆటనిర్మాతలనుద్దేశించి మేఘగంభీరస్వరమున ఇట్లు గర్జించెను:

“ఓయి బాతుబ్రహ్మలారా! పెరిగే పిల్లవాడికి లాగు కుట్టేటప్పుడు ఏ తెలివైన దర్జీ అయినా ఏమి చేయును? ఇవాళ్టి కాలికి సరిపోవునట్లు కుట్టి, రేపటి కాలికి కావలసిన గుడ్డను లోపలికి మడిచి దాచును! పొడవు పెరిగినపుడు వాడి తల్లి కుట్టు విప్పి దించును. లాగు అదే, గుడ్డ అదే, కాలు మాత్రమే పెరిగినది! మీరో, పెద్దవాడు పెరిగినాడని చిన్నదాని లాగు చింపెదరా? చిన్నది చిన్నదని పెద్దవానిని పొట్టిలాగులో తిప్పెదరా? టోపీని చెట్టుకు తగిలించిన చేతికి తెలియదా మడత వేయుట! ఇంకను లోతుగా వేయుడు! ముద్ర మార్చకుడు! చూడగలిగినవాడు చూచును, చూడలేనివాడు...”

“పీత దగ్గరే ఉంటాడు,” అన్నాడు పెద్దాడు.

“ఉండును!” అని తాత ఒప్పుకొనెను.

“వేరే మాట అన్నదాంట్లో రాద్దాం,” అని చిన్నది రిమోట్ అందుకుంది. “కానీ వంద అక్షరాలే పడతాయట.”

కటకటా! అంతటి ప్రసంగమునకు వంద అక్షరములు! గడియారము ఐదూ యాభైరెండు. అప్పుడు మొదలైనది అసలు కత్తిరింపు. ‘ఓయి’ పోయెను. ‘బాతుబ్రహ్మలు’ పోయిరి. “మేఘగంభీరం కూడా రాయాలా?” అని చిన్నది అడిగితే అక్కర్లేదన్నారు. పెద్దాడు ఒక్కో మాటా తగ్గిస్తుంటే, తాత తన గుడ్డ కళ్లముందే ముక్కలవుతుంటే చూసే దర్జీలా విలవిలలాడాడు. చివరికి మిగిలింది ఇది: “అందరికీ సరిపోయేలా కుట్టండి. నిజాన్ని లోపలికి మడిచి పెట్టండి. పెరిగినవాళ్లు విప్పుకుంటారు.”

“ఇప్పుడు ఒప్పుకుంటున్నా,” అని కోడలు ఫోనుమీద వేలు పెట్టింది. ఐదూ యాభైతొమ్మిది.

టీవీ కాసేపు గిరగిర తిరిగి చెప్పింది: “ధన్యవాదాలు, చిన్నారి నేస్తమా! నీ మాట మాకు చేరింది. నీకో నీలం టోపీ!”

బొద్దుబాతు నెత్తిమీద బుల్లి నీలం టోపీ వచ్చి కూర్చుంది.

“అచ్చం వాళ్ల నాన్నదే,” అన్నాడు పెద్దాడు మెల్లగా. కొంతసేపు నిలబడే చూశాడు. తరువాత, “జరగండి,” అన్నాడు.

జరిగారు. మూడో సీటు కిర్రుమంది. ఇటుక కాస్త ఒరిగింది, ఆగింది. పెద్దాడు తాత బొటనవేలును పట్టుకుని సరైన బటన్‌మీద పెట్టి, “నేను ‘ఇప్పుడు’ అంటే నొక్కు” అన్నాడు.

పీత వచ్చెను.

“ఇప్పుడు!”

లోకులారా, వినుడు! మనుమరాలు ఊపిరి బిగబట్టగా, కోడలు కాఫీగ్లాసుతో గుమ్మమున స్తంభించగా, సరిగ్గా ఆరుగంటల మూడు నిమిషములకు, నూటపదమూడు పరాజయముల అనంతరము, దర్జీతాత ఎర్రపీతను దాటెను! దాటి, గట్టు అవతల రెండడుగులు వేసి, అక్కడ కాచుకొనియున్న రెండవ పీతచేత వెంటనే కూలెను.

“రెండోది ఉందని ముందే చెప్పరేం?” అన్నాడు తాత.

“నువ్వింకా పదేళ్లవాడివి,” అన్నారు పిల్లలిద్దరూ.