ఇంటి వెనుక బావి

ఆదివారం పొద్దున కేశవులు తిరుత్తణి బజారులోని తన పాత్రల అంగడి తెరవలేదు. మనవరాలు దర్శినిని బతిమాలి కలర్ పెన్సిళ్ల డబ్బా తీసుకొని, సొంత ఊరి బొమ్మ వేయాలని వసారాలో చాప పరుచుకున్నాడు. ఆ ఊరు గుమ్మిడిపూండి దగ్గర ఉండేది. ఇప్పుడక్కడ ఫ్యాక్టరీ ప్రహరీ ఉంది. చెల్లెలు మీనాంబను ఒక్క మాట అడగకుండా ఆయన ఇల్లూ పొలమూ ఆ ఫ్యాక్టరీకి రాసిచ్చేశాడు. అప్పటినుంచి తిరువళ్లూరులో ఉన్న ఆవిడ ఈ గడప తొక్కలేదు, ఫోనెత్తలేదు. ఆయనకు ఊరి మీద ఎంత బెంగో, చెల్లెలి మీద అంతకు రెట్టింపు.

ఆకుపచ్చ పెన్సిల్‌ను దర్శిని ఎప్పుడో అరగదీసింది. అందుకని కేశవులు వరి మానేసి చేలన్నిటా మిరప పండించి ఎర్రరంగు పులిమాడు. గట్లు స్కేలు పెట్టి గీశాడు. ఇల్లు వేశాడు, ఇంటి వెనుక బావి వేశాడు. వాకిట్లో చిన్నప్పటి మీనాంబను వేయబోయి ఆగాడు. అక్కడ ఖాళీ వదిలేశాడు.

కోడలు విద్యాలక్ష్మి ముచ్చటపడి ఫోటో తీసి, తమిళంలో "మా ఊరి భూమి" అని రాసి బంధువుల గ్రూపులో పెట్టింది. ఆ జిల్లాలో స్కేలుతో గీసిన భూమిని చూసి బొమ్మ అనుకునేవాళ్లు తక్కువ. ఆరణి నుంచి చిన్నాన్న కొడుకు వెంకటముని ఫోన్ చేశాడు.

"అన్నా, ఫ్యాక్టరీవోళ్లు భూమి వాపసు ఇచ్చేసినారంటనే?"

"అది బొమ్మ రా."

"బొమ్మైతే బాయిని నీ ఇంటెనక ఎందుకు చేర్చుకున్నావు? దాంట్లో మాకూ పాలుండాది. ఉండు, వస్తాండా."

ఆ ఫోటో చేతులు మారి చేరినట్టుంది, అతనికంటే ముందు బ్రోకర్ ఎలుమలై కారులో స్థలం కొనే ఒక పార్టీని వెంటబెట్టుకొని దిగాడు. "సార్, లేఅవుట్ సూపర్. ఎర్రంగా ఉండే ప్లాట్లన్నీ అమ్ముడుపోయినాయా?"

"అది మిరప చేను."

"సరి సార్. కార్నర్ మిరప ఒకటి మా పార్టీకి ఇచ్చేయండి."

పార్టీ నీటి వసతి గురించి అడిగేసరికి వెంకటముని వచ్చి, బావి తగాదాలో ఉందనీ కోర్టుకు పోతాననీ ప్రకటించాడు. కోర్టు మాట వినగానే పార్టీ కాఫీ సగంలో వదిలేసి కారెక్కింది. బేరం చెడగొట్టాడని ఎలుమలై, బావి కాజేశాడని వెంకటముని ఇద్దరూ కేశవులు మీద పడ్డారు. ఆయన విసిగిపోయి కాగితం చింపబోతుండగా వాకిట్లో ఆటో ఆగింది. మీనాంబ దిగింది.

అన్నను పలకరించకుండానే కాగితం లాక్కొని చూసింది. "బాయి ఇంటెనక యాడుండింది? అమ్మ నీళ్లు చేదతా ఉంటే నేను వాకిట్లో కూర్చోని చూస్తాంటిని గదా. భూమిని అడక్కుండా అమ్మేస్తివి, సరి. బాయిని గూడా అడక్కుండా జరిపేస్తావా?"

కేశవులు పెన్సిళ్ల డబ్బా ఆవిడ వైపు జరిపాడు. "నిన్ను అడగాల్సింది మ్మా. నువ్వు లేకుంటే నాకు ఊరు సరిగా జ్ఞాపకం రాలా."

మీనాంబ కొంగుతో కళ్లు తుడుచుకొని, "రబ్బరు తే" అంది.

"కలర్ పెన్సిల్ చెరగదత్తా" అంది విద్యాలక్ష్మి.

"అయితే ఇంకో కాగితం తే" అని ఆవిడ చాప మీద కూర్చుంది.

సాయంత్రానికి బావి ఇంటి ముందుకొచ్చింది. వాకిట్లో రెండు జడల పిల్ల కూర్చుంది. వెంకటముని తన పాలు సరిచూసుకొని మెల్లగా భోజనానికి లేచాడు. ఎదురుగా బావి ఉంటే వాస్తు కుదరదని చెప్పి ఎలుమలై వెళ్లిపోయాడు.

ఆటో ఎక్కుతూ మీనాంబ, "మళ్లీ ఏస్తే ఫోటో పంపించు. తప్పులుంటే వచ్చి చెప్తా" అంది.

తర్వాతి ఆదివారం కేశవులు మళ్లీ అంగడి మూసి, గడ్డివామిని ఎంతో జాగ్రత్తగా తప్పుచోట గీశాడు.