ఒక పొడుగు, రెండు పొట్టి

ఆ బుధవారం పొద్దున ఎసెన్‌కుల్ వేసుకున్న పథకం చిన్నది. ఎనిమిదింటికి సంగీత పాఠశాలకు వెళ్ళాలి. మూడో గదిలో పియానోకు తెగిన తీగ మార్చాలి. పదింటికి ఎవరికీ చెప్పకుండా వెనక గుమ్మంలోంచి జారుకుని ఆసుపత్రిలో చెవుల డాక్టరుకు చూపించుకోవాలి. పదకొండుకల్లా తిరిగొచ్చి, ఏమీ ఎరగనట్టు టీ తాగుతూ కనిపించాలి. నరీన్ పట్టణంలో ఇంతకంటే పెద్ద పథకాలు వేసి నెగ్గుకొచ్చినవాళ్ళు ఉన్నారు.

ఈ ఎసెన్‌కుల్ ఎవరో కాదు, ఈ కథ రాస్తున్నవాడే. "నేను" అని మొదలుపెడితే మనిషి తన ప్రతి వెధవపనికీ ఒక సంజాయిషీ వెతుక్కుంటాడు. "అతను" అంటే ఆ బెడద లేదు. మొహమాటం లేకుండా నాలుగు చివాట్లు పెట్టవచ్చు.

అతనికి యాభై ఎనిమిదేళ్ళు. ఇరవయ్యేడేళ్ళుగా ఆ పాఠశాలలో పదకొండు పియానోలకూ శ్రుతి సరిచేసేది అతనే. కంప్యూటరు వచ్చాక దాని బాగోగులు కూడా అతని నెత్తినే పడ్డాయి. ఎందుకంటే ఆన్ చేయగానే కంప్యూటరు తన ఒంట్లో ఎలా ఉందో బీప్ శబ్దాలతో చెబుతుంది. ఒక్క పొట్టి బీప్ అంటే కులాసా. ఒక పొడుగు, రెండు పొట్టి అంటే తెరకు బొమ్మ పంపే డిస్‌ప్లే కార్డుకు జబ్బు. పొడుగువి ఆగకుండా వస్తూ ఉంటే ర్యామ్ ముక్క మొరాయించినట్టు. "చెవి ఉన్నవాడికి స్క్రూడ్రైవరుతో ఏం పని?" అని ఎసెన్‌కుల్ ఊరంతా చెప్పుకు తిరిగేవాడు.

నిరుడు వసంతంలో విద్యాశాఖవాళ్ళు పాత కంప్యూటరు తీసుకుపోయి, ఏదో ఆఫీసులో వాడి వదిలేసిన మరొకటి పంపారు. దాన్ని మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర వెలిగింది గాని ఎసెన్‌కుల్‌కు బీప్ వినిపించలేదు. పక్కనే కాగితాల్లో తల దూర్చి కూర్చున్న డైరెక్టరమ్మ సల్కినైని "మోగిందంటారా?" అని అడిగాడు. "మోగక ఏం చేస్తుంది?" అంది ఆమె తలెత్తకుండా.

అంతే, తనకు చెవుడు మొదలైందని అతను తీర్మానించుకున్నాడు. ముందుగా పోయేవి సన్నటి శబ్దాలేనని ఎక్కడో చదివాడు కూడా. ఆ రోజునుంచి పియానోల్లో సన్నగా మోగే కుడిచివరి మెట్లు ముట్టుకోవడం మానేశాడు. నొక్కితే వినపడకపోతే ఎలా? ఎవరైనా అడిగితే "అంతదూరం వచ్చే పాట ఏదీ లేదులెండి" అని నవ్వేసేవాడు. చెవిటివాణ్ణి శ్రుతి చేయడానికి ఎవరు ఉంచుకుంటారు? పెన్షనుకు ఇంకా అయిదేళ్ళుంది. ఆ పని తప్ప అతనికి మరొకటి చేతకాదు, చేయాలనీ లేదు. ఆ భయంతో ఏడాదిగా అతనికి సరిగ్గా నిద్ర లేదు.

ఆ పొద్దున భార్య బురుల్చా పాలటీ పోస్తూ నిలదీసింది.

"ఏమయ్యా, ఈసారన్నా డాక్టరు దగ్గరికి వెళ్తావా, దారిలో ఎవరో కలిశారని మళ్ళీ కబుర్లు చెబుతావా?"

"వెళ్తానన్నానుగా."

"అన్నావులే. నిన్న బొగ్గు తెమ్మని మూడుసార్లు నేనూ అన్నాను. వినపడిందా?"

వినపడలేదు. చెవుడికి ఇంకో సాక్ష్యం దొరికిందని ఎసెన్‌కుల్ కుంగిపోయాడు. పెళ్ళయిన ముప్ఫయ్యేళ్ళలో బొగ్గు మాట అతనికి ఒక్కసారి కూడా వినపడలేదన్న సంగతి ఆ సమయానికి గుర్తు రాలేదు.

తీగ మార్చడం అయింది. పదవుతుండగా కోటు తగిలించుకుని వెనక గుమ్మం దాకా వచ్చాడో లేదో సల్కినై ఎదురైంది.

"అన్నా, ఎక్కడికి? కంప్యూటరు లేవడం లేదు. బిష్కెక్ పోటీలకు వెళ్ళే పిల్లల పేర్లు పన్నెండులోగా పంపాలి. లేకపోతే మనవాళ్ళు ఒక్కరూ వెళ్ళరు. ఒక్కసారి చెవి పడేసి పో."

డైరెక్టరమ్మ గదిలో పొయ్యి బాగా మండుతుంది కాబట్టి అక్కడ ఎప్పుడూ ఇద్దరు అదనంగా ఉంటారు. ఆ రోజు ఉన్నవాళ్ళు లిదియా టీచరూ, అక్మత్‌బెకూ. లిదియా పిల్లలకు స్వరాలు విని కాగితం మీద రాయడం నేర్పుతుంది. వీధిలో కారు హారన్ కొట్టినా అది ఏ స్వరమో చెప్పందే ఊరుకోదు. అక్మత్‌బెక్ మూడు తీగల కొముజ్ వాద్యం నేర్పుతాడు. ఎసెన్‌కుల్‌తో కలిసి చదువుకున్నవాడు, అతన్ని ఏడిపించడం తన జన్మహక్కనుకునేవాడు.

ఎసెన్‌కుల్ మీట నొక్కాడు. లోపల ఫ్యాను గుర్రుమంది. తెర నల్లగా ఉండిపోయింది. బీప్ లేదు. అందరూ అతనికేసి చూశారు.

"ఏమంటోంది?" అంది సల్కినై.

"మీకేం వినిపించింది?" అని అడిగాడు, తెలివిగా అడిగాననుకుని.

"భలేవాడివే! చెవి నీదా, మాదా?"

ఎసెన్‌కుల్ ఆలోచించాడు. తెర వెలగలేదు కాబట్టి జబ్బు డిస్‌ప్లే కార్డుదే అయి ఉండాలి. గొంతు సవరించుకుని గంభీరంగా, "ఒక పొడుగు, రెండు పొట్టి" అన్నాడు.

"పొడుగుదే కాస్త దిగువ శ్రుతిలో ఉంది" అంది లిదియా.

"పొట్టివి మూడురా బాబూ" అన్నాడు అక్మత్‌బెక్. "మూడోది నీకు అందలేదా?"

"అందకపోవడమేంటి? అది లెక్కలోకి రాదని వదిలేశాను."

నోరు అలా అన్నది గాని ఎసెన్‌కుల్‌కు ఇక అనుమానం మిగల్లేదు. అందరూ విన్నారు. శ్రుతి తేడాతో సహా విన్నారు. తన చెవి మాత్రమే చచ్చిపోయింది. వెంటనే పెట్టె మీదికి వంగి, విద్యాశాఖవాళ్ళు అంటించిన ముద్ర కాగితం చించి, డిస్‌ప్లే కార్డు ఊడదీసి రబ్బరుతో దాని అంచు రుద్దడం మొదలుపెట్టాడు. కళ్ళు చెమర్చిన సంగతి ఎవరికీ కనపడకుండా ఉండాలంటే వంగి చేసే పనే మేలు.

కార్డు పెట్టి మళ్ళీ ఆన్ చేశాడు. తెర నల్లగానే ఉంది.

"ఇప్పుడు నాలుగు" అన్నాడు అక్మత్‌బెక్.

"నాలుగు కాదు, రెండు జంటలు" అంది లిదియా. "జంట వేరు, నాలుగు వేరు. మీ కొముజ్‌వాళ్ళకి ఆ తేడా తెలియదు."

"మాకు తెలియదా? మా తాతలు ఒక్క తీగ మీద యుద్ధం మొత్తం వినిపించేవాళ్ళు!"

"అందుకేనేమో మీ పాటల్లో ఎవరు గెలిచారో ఎవరికీ అర్థం కాదు."

"ఆపండిద్దరూ" అంది సల్కినై. "నాకు కూడా వినిపించింది, కానీ లెక్కపెట్టలేదు. లిదియా, నీ క్లాసు పిల్లల్ని తీసుకురా. విని రాస్తారు. తగువు తీరుతుంది."

పన్నెండుమంది పిల్లలు స్వరాలు రాసే అయిదుగీతల పుస్తకాలతో వచ్చి నేలమీద బారుగా కూర్చున్నారు. అంత సన్నటి శబ్దం వినాలంటే బడి నిశ్శబ్దంగా ఉండాలి కదా. మిగతా గదుల్లో పాఠాలు ఆపించారు. వరండాలో గోడగడియారం లోలకం పట్టి ఆపారు. పొయ్యి మీది కెటిల్ దించారు. పిల్లలు ఊపిరి పీల్చడం కూడా వాయిదా వేసుకున్నారు. ఎసెన్‌కుల్ మీట నొక్కాడు. పన్నెండు పెన్సిళ్ళూ చకచకా కదిలాయి.

పిల్లలకు కూడా వినిపించిందన్నమాట. ఎసెన్‌కుల్ పెట్టెకు చేరగిలబడ్డాడు.

లిదియా పుస్తకాలు తిప్పి చూసి మురిసిపోయింది. పన్నెండింట్లోనూ ఒకే వరస, ఒక్క తప్పు లేదు. అక్మత్‌బెక్ ఆమె భుజం మీదుగా తొంగిచూసి, "ఇది పోయిన వారం నువ్వు రాయించిన పాఠమే కదా?" అన్నాడు.

"ఒకే పోలిక ఉండవచ్చు" అంది లిదియా, అందరికీ అయిదుకు అయిదు వేస్తూ.

ఈలోగా బయట మరో ఉపద్రవం తయారైంది. కట్టినప్పటినుంచీ ఒక్క పగలు కూడా నోరు మూసుకోని బడి అది. బూరలూ, డప్పులూ, పదకొండు పియానోలూ ఉన్నట్టుండి ఆగిపోతే ఎదురు వీధివాళ్ళు ఏమనుకుంటారు? ఎవరో పోయారనుకున్నారు. చావింటికి వెళ్ళే మగవాళ్ళు దూరంనుంచే గొంతెత్తి ఏడుస్తూ రావడం ఆనవాయితీ. వీధి మలుపులో "అయ్యో నా తోబుట్టువో!" అన్న ఏడుపు అందరికంటే ముందు విన్నది ఎసెన్‌కులే. "ఎవరో ఏడుస్తున్నారు" అని అందరికీ చెప్పింది కూడా అతనే. చెవిటివాణ్ణయిపోయానని కుమిలిపోతున్న మనిషికి ఆ సంగతి తట్టలేదు.

నలుగురు ముసలాయనలు టోపీలు సర్దుకుంటూ లోపలికి వచ్చారు. అందరిలోకీ పెద్దాయన సల్కినై చెయ్యి పట్టుకుని, "ఎవరమ్మా పోయింది?" అన్నాడు.

"ఎవరూ పోలేదు పెద్దాయనా. కంప్యూటరు పోయింది."

"పోయినవాళ్ళు మంచివాళ్ళే తల్లీ. వయసెంత?"

"ఏడెనిమిదేళ్ళుంటాయి" అన్నాడు అక్మత్‌బెక్.

"అయ్యో, పసిప్రాణం!" అని పెద్దాయన మళ్ళీ అందుకున్నాడు. మిగతా ముగ్గురూ శ్రుతి కలిపారు. పరామర్శకు వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపకూడదు గనక కెటిల్ మళ్ళీ పొయ్యెక్కింది. పక్క గదిలో కూర్చోబెట్టి టీ, బూరెల్లాంటి బోర్సోకులూ పెట్టారు. పన్నెండుకు ఇంకా పాతిక నిమిషాలుంది.

"అన్నా, ఏదో ఒకటి చెయ్యి" అంది సల్కినై. "కొండ మీది పల్లెలనుంచి రోజూ మంచులో నడిచొచ్చి నేర్చుకున్న పిల్లలు. వాళ్ళమ్మలకి ఏం చెప్పను?"

ఎసెన్‌కుల్‌కు ఆ మాట గుచ్చుకుంది. ఉద్యోగం పోతే పోయిందని తెగించాడు. "నాకు వినపడటం లేదు, మీలో ఎవరైనా లెక్కపెట్టండి" అని చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక, ధైర్యం కూడగట్టుకోవడానికి పెట్టెలోకి చూశాడు.

పెద్ద బోర్డు మూలలో నాలుగు సన్నటి సూదులున్నాయి. బీప్ కొట్టే బుల్లి స్పీకరు తీగ తగిలించే చోటు అది. వాటికి ఏ తీగా లేదు. వాటిమీద దుమ్ము వేలెడు మందాన పేరుకుని ఉంది. పెట్టె అంతా తడిమాడు. స్పీకరు లేదు. ఎప్పుడూ ఉన్న గుర్తు కూడా లేదు. ఆ పెట్టె పుట్టుమూగది. ఏడాదిగా అది బీప్ కొట్టలేదు, ఇవాళ ఇంతసేపూ కొట్టలేదు. తప్పు తనలోనే ఉందని తేల్చుకున్నాడు గనక ఇన్నాళ్ళూ పెట్టె విప్పి చూడలేదు.

ఎసెన్‌కుల్ మెల్లగా తలెత్తి లిదియాకేసి, అక్మత్‌బెక్‌కేసి, సల్కినైకేసి చూశాడు. సంగీత పాఠశాలలో జీతం చాలడం లేదని ఒప్పుకుంటారు, పొయ్యి పొగ చూరుతోందని ఒప్పుకుంటారు. వినపడలేదని మాత్రం చచ్చినా ఒప్పుకోరు. అతనే ఒప్పుకోలేదు, వాళ్ళనేం అంటాడు?

"దీని గొంతు కాస్త నీరసంగా ఉంది, సాయం పెడతాను" అని మాత్రం అన్నాడు. లిదియా తాళం కోసం వాడే ఎలక్ట్రానిక్ మెట్రోనోమ్ బల్లమీద ఉంటే, ఆమె "అయ్యో అది!" అనేలోపు విప్పేసి, అందులోని బుల్లి స్పీకరు తీగలు ఆ సూదులకు చుట్టాడు. మీట నొక్కాడు.

బీ...ప్. బీ...ప్. బీ...ప్.

పొడుగ్గా, నిదానంగా, ఆగకుండా. ఎసెన్‌కుల్ విన్నాడు. ప్రతి ఒక్కటీ విన్నాడు, మధ్యలో పక్కగదిలో పెద్దాయన టీ జుర్రుకోవడం కూడా విన్నాడు. ప్రాణం లేచొచ్చింది. ర్యామ్ ముక్క! దాన్ని పీకి, రబ్బరుతో రుద్ది, గట్టిగా నొక్కి పెట్టాడు. ఈసారి ఒక్కటే పొట్టి బీప్, వెంటనే తెర వెలిగింది. లిదియా ఏ స్వరమో చెప్పలేదు. అక్మత్‌బెక్ లెక్క చెప్పలేదు. పదకొండూ యాభై ఎనిమిదికి పిల్లల జాబితా బిష్కెక్ వెళ్ళింది.

సల్కినై కుర్చీలో కూలబడి రెండు చేతులతో ముఖం తుడుచుకుంది. ఎసెన్‌కుల్ అప్పుడే కోటు వేసుకుని ఇంటికి పోయి ఉంటే మర్యాదగా ఉండేది. సంతోషం ఆగనిస్తేగా! మూడో గదికి పరుగెత్తాడు, ఏడాదిగా ముట్టుకోని కుడిచివరి మెట్టు నొక్కాడు. శ్రుతి తప్పి, చిన్నగా, పొడిగా మోగింది. అంత కమ్మటి అపస్వరం అతను జన్మలో వినలేదు. కళ్ళనీళ్ళతో డైరెక్టరమ్మ గదిలోకి తిరిగొచ్చాడు.

"డైరెక్టరమ్మా, ఈ పెట్టెకు స్పీకరే లేదు! ఇందాక నేను తగిలించేదాకా అది ఒక్క బీపూ కొట్టలేదు! నాకు చెవుడొచ్చిందనుకుని ఏడాదిగా మీ పియానోల చివర్లు ముట్టుకోనేలేదు. నా చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి!"

లిదియా టీ గిన్నె బల్లమీద పెట్టింది.

"ఏడాదిగానా?" అంది సల్కినై.

"పదకొండు పియానోలవీనా?" అన్నాడు అక్మత్‌బెక్.

"చెవుడనుకుంటూనే శ్రుతి చేశావా?" అంది లిదియా.

"శనివారంలోగా పదకొండూ చివరిదాకా సరిచెయ్యాలి" అంది సల్కినై. "లేకపోతే ఇంకొకర్ని పంపమని విద్యాశాఖకు రాస్తాను."

ఎసెన్‌కుల్ చెప్పినవి రెండు సంగతులు. పెట్టె మూగదన్న మొదటిది ఆ గదిలో ఎవరికీ వినిపించలేదు, రెండోది మాత్రం ముగ్గురికీ ఒక్కలాగే వినిపించింది.