పరుపుల వదిన సభ

ఆ రోజు ఉదయం పరుపుల వదిన వేసుకున్న పథకంలో పెద్ద చిక్కేమీ లేదు. మధ్యాహ్నం దాకా ప్రచార బండి ఊరంతా తిరగాలి. సాయంత్రం నాలుగింటికి ఆటస్థలంలో ఆమె పది నిమిషాలు మాట్లాడాలి. అంతే. ఇరవై ఏళ్లుగా పరుపుల దుకాణం నడుపుతున్న ఆమెను ఊరంతా వదినా అనే పిలుస్తుంది. అయితే అలా పిలిచే నోళ్లన్నీ శాసనసభ ఎన్నికల్లో ఓట్లవుతాయన్న నమ్మకం ఆమెకు లేదు. ఎదుట నిలబడ్డది వరసగా మూడుసార్లు నెగ్గిన మనిషి. కిందటి వారం ఆమె సభకు వచ్చింది పద్దెనిమిది మంది. వాళ్లలో ఆరుగురు బంధువులు, ఇద్దరు తప్పిపోయిన కుక్కను వెతుక్కుంటూ వచ్చినవాళ్లు.

ప్రచార బండి పని భర్తకు అప్పజెప్పింది. ఆయనకు పొదుపంటే ప్రాణం.

"దుకాణానికో బండి, ఎన్నికలకో బండి దేనికే? రెండు రికార్డింగులూ కలిపి ఒకే బండిలో పెట్టించా. ఒకే దెబ్బకు రెండు పిట్టలు!" అన్నాడు కాఫీ తాగుతూ.

ఉపన్యాసం బట్టీ పడుతున్న వదిన వినకుండానే "ఊఁ" అంది. పాతికేళ్ల కాపురంలో ఆ ఒక్క అక్షరం ఇంత కొంప ముంచుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

పదిన్నరకు బండి దుకాణం ముందు నుంచే వెళ్లింది. "పాత పరుపు తీసుకురండి! కొత్త పరుపు తీసుకెళ్లండి! గొడుగు గుర్తుకే మీ ఓటు! సాయంత్రం నాలుగింటికి ఆటస్థలానికి తరలిరండి!"

వదిన చేతిలో కాగితం జారిపోయింది.

"ఏమండీ! మధ్యలో 'సగం ధరకే' అని ఉండాలిగా, అదేదీ?"

"అదా? సాగదీసినట్టుందని కోసేశా."

"మీరు కోసింది మాట కాదండీ, నా గొంతు!"

డ్రైవరుకు ఫోను మీద ఫోను చేసింది. నెత్తిమీద మైకు హోరెత్తిపోతుంటే జేబులో ఫోను ఎవరికి వినపడుతుంది? బండిని ఆపమని భర్తను స్కూటరు మీద తరిమింది. ఆయన బండిని అందుకోక ముందే జనం ఆయన్ని అందుకున్నారు. "అన్నా, మా ఇంట్లో రెండున్నాయి, రెండూ తేవచ్చా?" అని ఒకరు, "దిండ్లు కూడా మారుస్తారా?" అని ఇంకొకరు. భార్య సభ మళ్లీ ఖాళీగా ఉంటుందేమోనన్న బెంగలో ఉన్న ఆ మనిషి, "ముందు సభకైతే రండి, తర్వాత చూద్దాం" అనేశాడు. అక్కడితో అడ్డుకట్ట కాస్తా తెగింది.

నాలుగింటికి ఆటస్థలంలో ఇసుక వేస్తే రాలడం లేదు. నెత్తిమీద పరుపులు, సైకిళ్ల మీద పరుపులు. ఒకాయన తోపుడుబండి మీద పరుపుతో పాటు దాని మీంచి లేవనన్న తాతగారినీ తీసుకొచ్చాడు. అందరి వెనకా ఎన్నికల అధికారి, ఆయన పక్కన వీడియో తీసే మనిషి. కాస్త దూరంలో కారులో కూర్చుని ఆ మూడుసార్లు నెగ్గిన పాత ఎమ్మెల్యే తమాషా చూస్తున్నాడు. ఫిర్యాదు చేసింది ఆయనే.

"అమ్మా, ఓటుకో పరుపు పంచుతున్నారట. రుజువైతే మీరు పోటీలో ఉండరు," అన్నాడు అధికారి.

వదిన పరుపులు మోసుకొచ్చిన జనం వైపు చూసింది. 'రేపు దుకాణానికి రండి' అని తప్పించుకోవచ్చు. కానీ ఇరవై ఏళ్లలో ఒక్క కొనుగోలుదారుకూ దూదికి బదులు పీచు కూరి అమ్మలేదామె. మైకు అందుకుంది.

"తప్పు మాదే. పరుపులు ఊరికే ఇవ్వను. ఓటేసినా ఇవ్వను, వెయ్యకపోయినా ఇవ్వను. ఇంత దూరం మోయించినందుకు క్షమించండి. ఇక ఇళ్లకు వెళ్లండి."

ఒక్కరూ కదల్లేదు. అభిమానంతో కాదు, మోసుకొచ్చినదాన్ని వెంటనే మోసుకెళ్లే ఓపిక లేక. ఎవరో పరుపు పరిచి కూలబడ్డారు. చూస్తుండగానే ఆటస్థలమంతా పడకగదైపోయింది.

"ఎలాగూ కూర్చున్నాం, గెలిస్తే ఏం చేస్తావో చెప్పు వదినా!" అని ఒక గొంతు.

బట్టీపట్టిందంతా ఎప్పుడో ఎగిరిపోయింది కనక తెలిసిందే చెప్పింది. ఆసుపత్రికి పరుపులు వేయడానికి వెళ్లినప్పుడు ఒక్కో మంచం మీద ఇద్దరేసి రోగులను చూశానంది. హాస్టల్లో ఆడపిల్లలు తడి గచ్చు మీద పడుకుంటున్నారంది. పది నిమిషాల సభ గంట దాటినా ఎవరూ లేవలేదు. చివరికి ముందు వరసలో ఒక పెద్దావిడ లేచింది.

"నేను పరుపు తేలేదమ్మా. పాతది తీసేసి కొత్తది తెచ్చుకోమంటే ఎమ్మెల్యే సంగతనుకున్నా!"

జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. దూరాన కారు అద్దం మెల్లగా పైకి లేచింది. అధికారి తన పుస్తకంలో "అభ్యర్థి ఏమీ ఇవ్వనని బహిరంగంగా ప్రకటించారు" అని రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ సభ చూసి బెంబేలెత్తిన పాత ఎమ్మెల్యే, తన ఆఖరి సభలో ఇంటికో పరుపు, రెండు దిండ్లు ఇస్తానని నోరు జారాడు. నోటీసు ఆయనకు వెళ్లింది, ఓట్లు వదినకు పడ్డాయి.

ఫలితాలొచ్చిన వారానికి ఆయన దుకాణం మెట్లెక్కాడు. వదిన స్వయంగా కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చింది.

"ఎందుకోనమ్మా, నిద్ర పట్టడం లేదు. కాస్త గట్టి పరుపు చూపించు, పొద్దున్నే లేవడానికి వీలుగా ఉంటుంది," అన్నాడు.

"మెత్తనిదే తీసుకోండి అన్నయ్యా," అంది వదిన. "ఇప్పుడు పొద్దున్నే లేవాల్సిన పనేముంది?"