సగంలో ఆగిన జెండా

విబెకకు అరవై నిండే ఆ ఏప్రిల్ ఉదయానికి ఆమె భర్త టోర్కిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి సైకిలు మీద సముద్రస్నానానికి వెళ్ళిన ఆమె ఎనిమిదింటికి తిరిగొచ్చేసరికి ఇంటి ముందు తోటలో జెండా ఎగురుతుండాలి, బల్ల మీద వేడి రొట్టెలూ కాఫీ ఉండాలి. అంతే. ఈ ‘అంతే’ దాకా రావడానికి మొగుడూపెళ్ళాలకు మూడు వారాలు పట్టింది. డేరా వేసి వీధినంతా పిలుద్దామని అతను, పిట్టను కూడా పిలవొద్దని ఆమె. చివరికి చెరో మెట్టు దిగారు. అతిథులు ఉండరు, జెండా ఉంటుంది. పుట్టినరోజున జెండా ఎగరని ఇల్లు డెన్మార్కులో ఇల్లే కాదని టోర్కిల్ నమ్మకం.

ఆమె పంతానికి కారణం ఉంది. యాభయ్యో పుట్టినరోజుకు అతను ఆమెకు చెప్పకుండా నలభై మందిని పిలిచాడు. పదకొండు మంది వచ్చారు. ఆ సాయంత్రమంతా విబెక నవ్వుమొహం పెట్టుకుని ఖాళీ కుర్చీల మధ్య కూర్చుంది, తర్వాత మూడు వారాలు అతనితో మాట్లాడలేదు.

"ఈ ఊరికి నేను బస్సు నడిపే మనిషిని, అంతకుమించి ఎవరికీ ఏమీ కాను. ఆ సంగతి నాకు తెలుసు. కుర్చీలు వేసి మరీ చూపించక్కర్లేదు" అంది ఈసారి ముందుగానే. "గుమ్మంలో ఒక్క మనిషి కనబడ్డా మా చెల్లెలింటికి పోతాను. వేసవి అయ్యేదాకా రాను."

ఆమె అన్నదంటే చేస్తుంది. అందుకే టోర్కిల్ నోరు కుట్టుకుని కూర్చున్నాడు. జెండా తాడు మాత్రం మాట వినలేదు. నిరుడు తెగినప్పుడు కొత్తది కొనమని ఆమె పోరు పెడితే, రెండు కొసలూ కలిపి ముడేసి, "ఇది మనకన్నా ఎక్కువ కాలం బతుకుతుంది" అన్నాడు. ఆ ముడి ఇప్పుడు స్తంభం చివరనున్న కప్పీలో ఇరుక్కుంది. జెండా సరిగ్గా సగం ఎత్తులో ఆగింది. పైకి పోదు, కిందికి రాదు. గంటసేపు వేలాడి లాగితే ముడి మరింత బిగిసింది, అతని మొహం కందగడ్డ అయింది, ఎదురుగాలికి కళ్ళు ధారలు కట్టాయి.

సగంలో జెండా అంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు. ఒకరు తాడు పట్టుకుని కన్నీళ్ళతో నిలబడి ఉన్నారు.

మొదట వచ్చినవాడు ఎదురింటి హోల్గెర్. రిటైరైన హెడ్మాస్టరు. పొదలు అంగుళం పెరిగితే పురపాలక సంఘానికి ఉత్తరం రాసే రకం. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకోవడం టోర్కిల్ ఎన్నడూ చూడలేదు.

"ఎంత పని జరిగిపోయిందయ్యా!"

"ఏమీ జరగలేదండీ. తాడు ఇరుక్కుంది, అంతే. విబెక నిక్షేపంలా ఉంది."

"మరేదీ?"

"సముద్రానికి వెళ్ళింది."

"ఎప్పుడు?"

"ఏడింటికి."

హోల్గెర్ గడియారం చూసుకున్నాడు. తొమ్మిది కావస్తోంది. "ఏప్రిల్ మంచునీళ్ళలో పది నిమిషాలకు మించి ఎవరుంటారయ్యా..." అని ఆగిపోయి, అతని భుజం తట్టాడు. "నువ్వు కూర్చో. అందరికీ నేను చెబుతాను."

"ఎవరికీ చెప్పొద్దు! ఆవిడ నన్ను వదిలేసి వెళ్ళిపోతుంది!"

"వెళ్ళిపోయింది నాయనా" అన్నాడు హోల్గెర్ ఎంతో మృదువుగా, గేటు దాటుతూ.

పావుగంటలో తోట నిండింది. పక్కింటి ఎల్సెబెత్, ఎనభై రెండేళ్ళావిడ, చేతినిండా తెల్లపూలతో వచ్చింది. టోర్కిల్ ఆమెకు అడ్డంపడ్డాడు.

"మీకు దండం పెడతాను, ఇంటికెళ్ళండి. విబెక బతికే ఉంది!"

"ఉంటుంది బాబూ. మన గుండెల్లో ఎప్పటికీ ఉంటుంది."

"గుండెల్లో కాదు, సైకిలు మీద ఉంది!"

ఎల్సెబెత్ కిటికీలోంచి బల్ల మీదున్న రెండు కప్పులు చూసి కళ్ళొత్తుకుంది. "మా ఆయన పోయినప్పుడు నేనూ అంతే. వారం రోజులు ఆయనకు కాఫీ కలిపాను."

టోర్కిల్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. "అయితే ఆమెతోనే మాట్లాడండి!" అని ఫోను తీసి నంబరు నొక్కాడు. వంటింట్లో రొట్టెల పక్కన విబెక ఫోను మోగింది. అందరూ తలలు వంచుకున్నారు.

అప్పుడు అతను గేటు వైపు చూశాడు. నిజమే కదా, ఎనిమిదింటికి రావలసిన మనిషి ఏది? ఇందాకటి నుంచి ఈ జనాన్ని ఎలా పంపించాలా అన్న ధ్యాసే తప్ప ఆమె ఎందుకు రాలేదన్న ఆలోచనే రానందుకు సిగ్గేసింది. చెల్లెలింటికి పోతే పోయింది, ఏడాది మాట్లాడకపోయినా సరే, వస్తే చాలు. మెట్టు మీద కూలబడ్డాడు. ఈసారి కళ్ళనీళ్ళు గాలికి వచ్చినవి కావు.

హోల్గెర్ గొంతు సవరించుకున్నాడు. "స్టాపు లేనిచోట బస్సు ఆపడం నిబంధనలకు విరుద్ధం. మా ఆవిడ ఆసుపత్రికి తిరిగిన ఆరు నెలలూ విబెక రోజూ మా గేటు ముందే ఆపేది. ఎవరితోనైనా అంటే ఊరుకోనని నన్ను బెదిరించింది కూడా. నా జీవితంలో నేను ఫిర్యాదు చెయ్యని తప్పు అదొక్కటే."

"నన్నయితే తిట్టని రోజు లేదు" అంది ఎల్సెబెత్. "‘పరిగెత్తకు ముసలమ్మా, కాలు విరగ్గొట్టుకుంటావు’ అని అరిచేది. నేను ఎక్కి కూర్చునేదాకా బండి కదిలించేది కాదు."

"నాకెప్పుడూ చెప్పలేదే!" అన్నాడు టోర్కిల్.

హోల్గెర్ జేబురుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు.

"ఆపేశారేం హోల్గెర్ గారూ? కానివ్వండి, బాగుంది" అంది పొదల అవతలి నుంచి ఓ గొంతు.

తడిజుట్టుతో, గాలి పోయిన సైకిలు తోసుకుంటూ విబెక నిలబడి ఉంది. ఎల్సెబెత్ కెవ్వుమని పూలపాదులో కూర్చుండిపోయింది. టోర్కిల్ ఒక్క పరుగున వెళ్ళి పెళ్ళాన్ని కావలించుకున్నాడు. ఆ తర్వాత ఒప్పందం గుర్తొచ్చి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఒట్టు విబెకా, నేనెవర్నీ పిలవలేదు."

"తెలుసు. ఆ బస్సు కబురు దగ్గర్నుంచీ ఇక్కడే ఉన్నాను." ఆమె జెండాను చూసింది, తోటనిండా నిలబడ్డ జనాన్ని చూసింది. "పిలిస్తే పదకొండు మంది. చస్తే వీధి వీధంతానా!" అని ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని మొగుణ్ణి కసిరింది. "అలా చూస్తావేం? కుర్చీలు బయట వెయ్యి. చాలకపోతే బక్కెట్లు బోర్లించు. డేరా మాత్రం వెయ్యనివ్వను."

"డేరా వద్దులే" అని టోర్కిల్ వెంటనే ఒప్పేసుకున్నాడు.

మధ్యాహ్నం దాకా ఎవరూ కదల్లేదు. హోల్గెర్ పుట్టినరోజు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు శ్రుతి తప్పకుండా ఏడుపుగొంతుతోనే అందుకున్నారు. వెళ్ళేటప్పుడు ఎల్సెబెత్ పూలు వదిలేసింది కానీ, వాటితో తెచ్చిన సంతాపం కార్డును జాగ్రత్తగా వెనక్కి తీసుకుంది. దాని మీద ఇంకా పేరు రాయలేదట.