కీ.శే. త్యాగరాజు కుర్చీ విజయము

ఓ పూర్వవిద్యార్థి సంఘ కార్యవర్గ ధురంధరులారా, శాలువాలు కప్పించుకోవడంలో సవ్యసాచులారా, చేతికందిన మైకును వదలని ఉడుంపట్టు వీరులారా, బతికున్న మనిషి పటానికి దండ వేసిన పాపం మీది. ఫోనులో ఒక్క ముక్క చూసి ఎనభై నలుగురూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారే గాని, ఒక్కడంటే ఒక్కడు ఆ ఇంటికి ఫోను చేశాడా? లేదు. ఆ నేరం ఇప్పుడు పూసగుచ్చినట్టు చెబుతాను. కూర్చుని వినండి. మధ్యలో లేచిపోయేవాడి పేరు కూడా చదువుతాను.

అది మాఘమాసం. కృష్ణకు దక్షిణాన, గుండ్లకమ్మకు ఉత్తరాన, విచ్చిన పత్తికాయల ధవళకాంతులతోనూ, కల్లాల్లో ఆరబోసిన మిరపపండ్ల అరుణకాంతులతోనూ వెలుగుతూ, కోడికూతకు బదులు తుమ్ములతో నిద్రలేచే ఆ నల్లరేగడి మహామండలానికి రాజధానియైన గుంటూరులో, ఆదివారం ఉదయం పది గంటల శుభముహూర్తాన, ఒకానొక డిగ్రీ కళాశాల ప్రాంగణంలో, ముప్పై ఏళ్ల కిందట అక్కడ చదివినవారి సమ్మేళనం ఆరంభమైంది. సరిగ్గా అదే వేళకు పెదకాకాని వైపు నుండి, ధూమధ్వజ విరాజితమై, ఫటఫటారావ పరిపూరిత దిగంతమై, వెనుక చక్రంలో గాలి కాస్త తక్కువైన ఒక మోపెడ్ రథం వచ్చి గేటు ముందు ఆగింది. ఎకరన్నర మిర్చి సార్వభౌముడు, నల్లతామర పురుగుతో మూడేళ్లుగా ముగియని యుద్ధం సాగిస్తున్న మహారథి, ఇస్త్రీచొక్కా కవచధారి త్యాగరాజు దిగాడు. కల్లాన్ని భార్య దేవకుమారికి అప్పగించి, ఈ ఏటి పంటతో కొట్టించిన గొడ్డుకారం డబ్బా సంచిలో వేసుకుని మరీ వచ్చాడు.

ఆ డబ్బా ఎందుకంటారా? హాస్టలు మెస్సులో కూర మాడిపోయిన ఒకానొక పుణ్యదినాన పుట్టింది గొడ్డుకారం దండు. దానికి నియమం ఒక్కటే. వేడన్నంలో ఉత్త కారం కలిపి, నిమ్మకాయంత ముద్ద మింగి, చుక్క నీళ్లు ముట్టకుండా నూరు లెక్కపెట్టాలి. లెక్కపెట్టినవాడు చచ్చేదాకా దండువాడు. ఇది ఊరికే కేకలేసే దండు కాదు. త్యాగరాజుకు పాము కరిచిన ఏడు, ఆసుపత్రి వరండాలో ముగ్గురు దండువాళ్లు చెప్పులు తలకింద పెట్టుకుని మూడు రోజులు పడి ఉన్నారు. అంత బంధం. ఆ బంధంలో తన చోటు తనకుందా లేదా అన్నదే ఈ గాథకు మూలం.

ఎందుకంటే లోపల అడుగుపెట్టిన త్యాగరాజుకు వేదిక మీద తన పటమే కనబడింది. మెడలో బంతిపూల దండ, ముందు దీపం, కింద “కీ.శే. త్యాగరాజు”. తనకు కీర్తి ఉందన్న సంగతే ఎరగని ఆ వీరుడు, ఆ కీర్తి తప్ప తనలో ఇంకేమీ మిగల్లేదని చదువుకుని నిశ్చేష్టుడయ్యాడు.

జరిగిందేమంటే, పోయిన ఆషాఢంలో, రోజూ వచ్చిపడే గులాబీల శుభోదయాలతో ఫోను నిండిపోయి, తెగులు పట్టిన ఆకును ఫొటో తీయడానికి కూడా చోటు లేక, అతడు దండు వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చాడు. హాస్టల్లో అతడి పక్క మంచం వాడైన అల్లాబక్షు అది చూసి, “త్యాగరాజు పోయాడు” అని పెట్టాడు. గ్రూపులోంచి అన్న మాట బద్ధకంకొద్దీ మింగేశాడు. ఇంకేముంది, ఓం శాంతులు వడగళ్లలా కురిశాయి. అంతమంది అంటున్నారంటే నిజమే కాబోలనుకుని అల్లాబక్షు తానూ ఏడ్చాడు.

త్యాగరాజు నేరుగా పేర్లు నమోదు చేసే బల్ల దగ్గరకు నడిచాడు. అక్కడ కార్యదర్శి శివరామకృష్ణ ఉన్నాడు. ఆయనా ఈ బ్యాచివాడే, కాని పదవి వచ్చిన నాటి నుండి ఒరేయ్ అన్న మాట మరచిపోయాడు.

“నా బ్యాడ్జి ఏదిరా?”

“త్యాగరాజు గారా? మీరు పోయారు కదండీ.”

“ఎక్కడికి పోతాను? మిరపచేలో ఉంటిని.”

“మీది జీవిత సభ్యత్వమండి. జీవితం ముగిసినట్టు తీర్మానం చేసేశాం. అది రద్దు కావాలంటే సమావేశం జరగాలి.”

“ఇంతమంది ఉన్నారుగా, ఇది సమావేశం కాదా?”

“ఇది సమ్మేళనమండి. సమావేశం వేరు.”

“పోనీ, గ్రూపు ఫొటోలో నా కుర్చీ?”

“కుర్చీలకు పేర్లు అంటించేశాం. అయినా మీకేం లోటండీ, పటం నడిమధ్యనే పెట్టిస్తున్నాం.”

అంతట ఆ మహాబాహువు కుపితకాలసర్ప సదృశుడై, వేదిక మెట్టు మీద నిలిచి, సభనుద్దేశించి ఇట్లు పలికెను:

“ఒరేయ్ దండూ. నేను చచ్చినట్టు మీకు ఆషాఢంలోనే తెలుసు గదా. మరి పెద్దకర్మకు ఒక్కడూ రాలేదేంరా?”

 అల్లాబక్షు లేచాడు.

“వద్దామనే అనుకున్నాంరా. నార్లు పోసే అదను.”

“సరే. భాద్రపదంలో?”

“కలుపు.”

“కార్తీకంలో?”

“పురుగు పడింది గదరా.”

ప్రతి జవాబూ న్యాయంగానే ఉంది. అదే ఆ వీరుడికి ఎక్కువ కష్టమనిపించింది. “నేనైనా వచ్చేవాణ్ణో లేదోరా,” అన్నాడు మెల్లగా.

శివరామకృష్ణ కాగితం తిప్పాడు. “లైఫ్ సర్టిఫికెట్ ఏమన్నా తెచ్చారా? ఉంటే పరిశీలిస్తాం.”

“తెచ్చాను,” అంటూ త్యాగరాజు సంచిలోంచి డబ్బా తీశాడు.

వంటశాల నుండి పొగలు కక్కే అన్నం పళ్లెం వచ్చింది. డబ్బా మూత తెరిచీ తెరవకముందే ముందు వరుస తుమ్ముల్లో మునిగింది. ప్రళయకాల రుద్రనేత్రారుణమైన ఆ ముద్దను, త్రిపురాలను చూసిన హరుడిలా చూసి, ఆ వీరాధివీరుడు గుటుక్కున మింగాడు. దండు ఏకకంఠంతో లెక్క మొదలెట్టింది. ఇరవైకి చెవులు ఎరుపెక్కాయి. నలభైకి కన్నీరు కాలువలు కట్టింది. అరవై మూడుకు జిహ్వాదుర్గపు ప్రాకారాలు కూలి, కంఠమార్గాన శత్రుసేనలు చొరబడి, భేరీనాదం వంటి ఎక్కిళ్లు దిక్కులు పిక్కటిల్లేలా మోగాయి. నీళ్ల క్యాను మూడడుగుల దూరంలో ఉంది. అతడు అటు చూశాడు. చూపు తిప్పుకున్నాడు. నూరు.

వెనుక వరుసలో నుండి సీతారత్నం లేచింది. మగవాళ్లతో పంతానికి పోయి ఆనాడే ఆ ముద్ద మింగిన ఏకైక వీరనారి ఆమె.

“పోయినవాళ్లకు ఎక్కిళ్లు రావు శివరామకృష్ణా. తీర్మానంలో రాసుకో. ఆ పళ్లెంలో ఇంకో ముద్ద మిగిలింది, నువ్వూ కానివ్వు. నీ సభ్యత్వం కూడా తేలిపోతుంది.”

కార్యదర్శి తిన్నాడు. పదకొండు దగ్గర నీళ్ల క్యానును కౌగిలించుకున్నాడు. అది సమావేశమా, సమ్మేళనమా అన్న ధర్మసూక్ష్మం అక్కడితో సరి.

జయము, జయము. అల్లాబక్షు తన ప్లాస్టిక్ కుర్చీలో పక్కకు జరిగి సగం ఇచ్చాడు. ఒక కాలు గాలిలో, ఒక కాలు నేల మీద, తన పటం తన ఒళ్లో పెట్టుకుని త్యాగరాజు కూర్చున్నాడు. “పటంలోని సారు బానే ఉన్నారు, పట్టుకున్న సారు కొంచెం నవ్వాలి,” అన్నాడు ఫొటో తీసేవాడు. వెతగ్గా వెతగ్గా దొరికిన ఒకే ఒక్క తెల్ల స్టిక్కరుతో పేరు ముందున్న “కీ” కప్పేశారు. సగం కుర్చీ, ఒక్క అక్షరం: ముప్పై ఏళ్ల దండు చరిత్రలో ఇంత ఘనవిజయం లేదు.

అయ్యా కార్యవర్గమా, చప్పట్లు ఆపండి. వేదిక మీద దండలు వేసిన పటాలు ఇంకా నాలుగున్నాయి. వాళ్లలో ఎవరు పోయారో, ఎవరు గ్రూపులోంచి మాత్రమే పోయారో మీలో ఒక్కడికీ తెలియదు. భోజనాలు తర్వాత. బండ్లు తీయండి. నాలుగు ఇళ్లకూ వెళ్లి తలుపు తట్టండి. మనిషి వస్తే బ్యాడ్జి ఇవ్వండి. రాకపోతే, కోతలున్నాయని సాకులు చెప్పకుండా, చెప్పులు బయట విడిచి లోపలికెళ్లి కాసేపు కూర్చుని రండి.