వెనక చక్రాల గిరాకీ

ఆ రోజు పొద్దున పూర్ణచంద్రరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. తెనాలి నుంచి బాపట్ల వెళ్లడం, కారు అమ్మడం, బస్సెక్కి భోజనం వేళకి ఇల్లు చేరడం. అంతే.

కారు మాత్రం చిన్నది కాదు. వీధి మలుపులో దాని ముందు భాగం తిరిగిపోయాక కాసేపటికి గాని వెనక భాగం వచ్చేది కాదు. ఆరు సిలిండర్ల ఇంజను. అందరి కార్లలాగా ముందు చక్రాలు లాగే రకం కాదు, వెనక చక్రాలు తోసే రకం. పాత కార్ల వ్యాపారంలో తల నెరిసిన పూర్ణచంద్రరావు దాన్ని చూసిన రోజే మనసు పారేసుకున్నాడు. తెచ్చి షెడ్డులో ముందు వరసలో నిలబెట్టాడు. అది నిలబడే ఉంది. వచ్చినవాళ్లంతా దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, దాని అద్దంలో తల దువ్వుకుని, పక్కనున్న ఎత్తు కారు కొనుక్కుపోయేవాళ్లు. కారంటే ఎత్తుగా ఉండాలి, గుంటల్లో పడి లేవాలి, పెళ్లికి ఇంటిల్లిపాదీ పట్టాలి. ఊరి అభిరుచి అక్కడితో సరి.

"వెనక నించి తోస్తే ఉండే సుఖం వీళ్లకేం తెలుసే," అనేవాడు భార్యతో.

"తెలిసింది మీ ఒక్కళ్లకే. అందుకే మీరే కొన్నారు," అనేది సరోజిని.

ఆవిడ ఓపికా అడుగంటింది. పేరాలలో బట్టల వ్యాపారం చేసే శివనాగరాజు నైటీల బేళ్లు దించుకోవడానికి గోడౌను వెతుకుతున్నాడు. సాయంత్రం వస్తానన్నాడు. ఈ లోపల ఆ కారు అమ్ముడైతే సరే, లేదా షెడ్డు తాళం అతనికి ఇచ్చేస్తానని సరోజిని మాటిచ్చేసింది. పెళ్లికి ముందు నుంచీ నడుపుతున్న వ్యాపారం నైటీల కింద పడి నలిగిపోతుందనేసరికి పూర్ణచంద్రరావు ఇడ్లీ సగంలో వదిలేసి లేచాడు. అదృష్టం కొద్దీ బాపట్ల నుంచి రైసుమిల్లు భావనారాయణ ఫోను చేసి, కారు తెచ్చి చూపించమన్నాడు.

"నేనూ వస్తా," అంది సరోజిని, ముందు సీట్లో కూర్చుంటూ. "మీరు దీన్ని మళ్లీ ఇంటికి తీసుకురాకుండా చూడాలిగా."

బాపట్లలో అంతా అనుకున్నదానికంటే బాగా జరిగింది. భావనారాయణ తనే స్టీరింగు పట్టి, సూర్యలంక రోడ్డు ఎక్కగానే యాక్సిలరేటరు తొక్కాడు. ముగ్గురి వీపులూ సీట్లకి అతుక్కుపోయాయి. భావనారాయణ మొహం పండగ చేసుకుంది.

"వెనకాల ఎవరో చెయ్యేసి పద పద అంటున్నట్టుందండీ."

"అదేనండి వెనక చక్రాల మహిమ," అన్నాడు పూర్ణచంద్రరావు. ఆయనకి కళ్లలో నీళ్లొక్కటే తక్కువ. ఇన్నాళ్లకి ఒక మనిషి దొరికాడు.

"ఇంట్లో ఓ మాట అనుకుని రేపు చెప్తానండి."

రేపా? రేపటికి షెడ్డు నిండా నైటీలుంటాయి. పూర్ణచంద్రరావు వృత్తి విద్య బయటికి తీశాడు. "మీ ఇష్టమండి. రేపల్లె పార్టీ ఒకాయన ఇవాళే తీసుకుంటానంటున్నారు. మీరు ముందు అడిగారు కదా అని ఇటు తెచ్చాను."

రేపల్లె పార్టీ అనేవాడు లోకంలో లేడు. ఈ వ్యాపారంలో ప్రతివాడి జేబులోనూ ఇలాంటి పార్టీ ఒకడుంటాడు. బాపట్ల వాడికి రేపల్లె వాణ్ని చూపిస్తారు, రేపల్లె వాడికి బాపట్ల వాణ్ని. ఆ పార్టీ పేరేమిటని ఇంతవరకూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

"రేపల్లెలో ఎవరండి?" అన్నాడు భావనారాయణ.

"నాగభూషణం గారని," అన్నాడు పూర్ణచంద్రరావు, నోటికొచ్చిన పేరు.

"రొయ్యల చెరువుల నాగభూషణం గారేనా?"

పేరు అతికింది కదా అని సంబరపడి, "ఆయనేనండి," అనేశాడు.

భావనారాయణ కారాపి, దిగి, తలుపు మెల్లిగా వేశాడు. "ఆయన మా వియ్యంకుడు. మా అమ్మాయి తనూజని ఇచ్చింది వాళ్లబ్బాయికే. మగపెళ్లివారు ముచ్చటపడ్డ కారు మీద నేను చెయ్యేస్తే ఏం బాగుంటుంది, చెల్లెమ్మా?"

చెల్లెమ్మ ఏం చెప్పేలోపలే ఆయన ఫోను రేపల్లెకి కలిసింది. "బావగారూ, కారు తీసుకుంటున్నారట, చాలా సంతోషం. ఏ కారంటారేంటి, నా దగ్గర కూడా దాపరికమా? మీ హోదాకి తగ్గ బండి. ఇప్పుడే పంపిస్తున్నా."

రేపల్లెలో నాగభూషణం ఫోను పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. మనవడి అక్షరాభ్యాసానికి పాత డొక్కు కారులో వెళ్లాడు. వియ్యంకుడు నొచ్చుకుని ఉంటాడు. పెద్దమనిషి కాబట్టి ఇంత మర్యాదగా చెప్తున్నాడు. ఇక కొనకపోతే పరువేం కాను?

పూర్ణచంద్రరావు క్షమాపణలు వల్లె వేసుకుంటూ రేపల్లె చేరేసరికి నాగభూషణం గేటు దగ్గర కొబ్బరికాయతో నిలబడి ఉన్నాడు. వీధి వీధంతా పోగయింది.

"తీసుకుంటున్నానండి. నేను చూసేదేముంది, బావగారు చూశారుగా."

పూర్ణచంద్రరావుకి కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంజను గొప్ప చూపిద్దామని ఒక్క తొక్కు తొక్కాడు. వెనక చక్రాలు గిర్రున తిరిగి కాలవ గట్టు బురదంతా జనం పంచెల మీదికి చిమ్మాయి. ఎవరూ ఏమీ అనుకోలేదు. "ఏం పవరండీ," అని పంచెలు దులుపుకున్నారు.

అప్పుడు సరోజిని, మంచి మనసుతోనే, ఒక మాటంది. "ఏదో మీకు ప్రాప్తం, అన్నయ్యగారూ. పాపం బాపట్ల అన్నయ్యగారు నడుపుతుంటే ఆ మొహం చూడాలి. మీ పేరు వినగానే దిగిపోయారు."

నాగభూషణం కొబ్బరికాయ కింద పెట్టేశాడు. "మనసుపడ్డ కారు నాకోసం వదిలేశారా?" మళ్లీ ఫోను. ఈసారి స్పీకరు పెట్టాడు, వీధంతా వింది.

"మీరే తీసుకోండి బావగారూ."

"అబ్బెబ్బే, మీరే తీసుకోవాలి."

"మనవడి మీద ఒట్టు. మీరు తీసుకోందే నేను తీసుకోను."

"నాదీ అదే ఒట్టు."

రెండున్న గిరాకీ చూస్తుండగానే సున్నా అయింది. పూర్ణచంద్రరావు గేటు పట్టుకుని నిలబడ్డాడు. చివరికి భావనారాయణే ఒక దారి చూపించాడు. "ఇలాంటిదే ఇంకోటుంటే సాయంత్రం తెనాలి షెడ్డుకొచ్చి చెరొకటీ తీసుకుందాం. ఎవరి మాటా పోదు. పూర్ణచంద్రరావు గారూ, ఉందా?"

"ఉందండి," అంది పూర్ణచంద్రరావు నోరు, ఆయన్ని అడక్కుండానే.

విజయవాడ బ్రోకరు అజయ్ బాబు దగ్గర అచ్చం అలాంటిదే దుమ్ము పట్టి ఉందని ఆయనకి తెలుసు. వెంటనే ఫోను చేశాడు. "నిజంగానే అడుగుతున్నారా గురువుగారూ?" అన్నాడు అజయ్ బాబు నమ్మలేక. బదులుగా పూర్ణచంద్రరావు షెడ్డులో మిగిలిన ఎత్తు కార్లు రెండూ ఇమ్మన్నాడు. పూర్ణచంద్రరావు సరేననగానే, మనసు మారుతుందేమోనని వెంటనే బండి బయల్దేరదీశాడు.

"ఒకటి అమ్మడానికొచ్చి ఇంకోటి కొన్నారా?" అంది సరోజిని తెనాలి దారిలో.

"మార్కెట్ మారింది సరోజినీ. జనానికి రుచి తెలిసింది."

షెడ్డు చేరేసరికి రెండో కారు వచ్చేసింది. అజయ్ బాబు మనుషులు ఎత్తు కార్లు తీసుకుని వెళ్లిపోయారు. పొడుగు కార్లు రెండూ లోపల పెడితే మనిషి పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది. శివనాగరాజు వచ్చి తొంగిచూసి, "ఒక్క నైటీ ఆరేసుకోవడానికైనా చోటేదన్నా," అని ఈపురుపాలెంలో ఇంకో గోడౌను చూసుకోవడానికి పోయాడు. షెడ్డు దక్కింది. ఇక వియ్యంకులు రావడమే తరువాయి.

వచ్చారు. రెండు ఎత్తు కార్లలో వచ్చారు. పూర్ణచంద్రరావు వాటిని గుర్తుపట్టాడు. పొద్దున తన షెడ్డులో ఉన్నవే.

"ఏమనుకోకండి," అన్నాడు నాగభూషణం. "ఊరి బయట పెట్రోలు బంకు దగ్గర టీ తాగుతుంటే ఇవి కనిపించాయి. మనవడు ఎక్కి కూర్చుని దిగనన్నాడు. తోలుకెళ్తున్నవాళ్ల ఓనరుతో ఫోన్లోనే బేరమైపోయింది. చెరొకటి. ఒట్టూ తీరింది."

భావనారాయణ పొడుగు కారు బానెట్టు మీద చెయ్యేసి, "మంచి బండండి. మాదే పెద్ద కుటుంబం," అని నిట్టూర్చి వెళ్లిపోయాడు.

సరోజిని మొగుడి వైపు తిరిగి నోరు తెరవబోయేంతలో ఫోను మోగింది. అజయ్ బాబు.

"గురువుగారూ, తెనాలిలో పొడుగు కార్లకి గిరాకీ లేచిందని బెజవాడంతా ఒకటే మాట. అలాంటివి ఇంకో మూడు దొరికాయి. పంపించమంటారా?"

పూర్ణచంద్రరావు భార్య వంక చూశాడు. పక్కపక్కన మెరుస్తున్న రెండు కార్ల వంకా చూశాడు. గొంతు బాగా తగ్గించి అడిగాడు:

"ఏం రంగులండి?"