మా బావ లివరు, మా అందరి వైద్యం

డాక్టర్లంటే నాకు జాలి. పాపం, పదేళ్లు చదివి, ఇంకో పదేళ్లు ప్రాక్టీసు చేసి, తీరా రోగి ఎదురుగా కూర్చుంటే "టెస్టులు చూశాక చెప్తాను" అంటారు! అదే మనమైతే? మెట్ల మీద ఎదురుపడిన మనిషికి, రెండు మెట్లు దిగేలోపే జబ్బు కనిపెట్టి, మందు చెప్పి, పథ్యం కూడా పెట్టి పంపిస్తాం!

అందుకే ఘంటాపథంగా చెప్తున్నాను. ఈ కాలంలో మనిషికి దొరికిన అతి పెద్ద వరం ఉచిత వైద్య సలహా. కొందరు దీన్ని పీడ అంటున్నారట. అలాంటి విశ్వాసంలేని వాళ్ల కోసమే మా బావ సంగతి చెప్తున్నాను.

మా బావ, అంటే మా అక్క మొగుడు, లిఫ్ట్ మెకానిక్. మాటలు తక్కువ, స్పానర్లు ఎక్కువ. రోజూ ఏదో ఒక బిల్డింగ్‌లో లిఫ్టు గుంటలోకి దిగి, మోచేతుల దాకా గ్రీజు పూసుకుని, మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తూ ఉంటాడు. యాభై రెండేళ్లొచ్చినా ఒక్కరోజు ఒంట్లో బాలేదని సెలవు పెట్టలేదు. అలాంటి మనిషి కంపెనీలో రక్తదానం క్యాంపు పెడితే వెళ్లి రక్తమిచ్చొచ్చాడు. రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. మీ రక్తం వాడలేము, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి అని.

హెపటైటిస్ సి! ఏళ్ల తరబడి లివర్లో చప్పుడు చేయకుండా కూర్చుందట. నొప్పి లేదు, కామెర్లు లేవు. ఇంత మర్యాదగా ఉండే జబ్బుని బయటపెట్టడం ఆ ఆస్పత్రివాళ్లకి ఎందుకో!

బావకి తోడుగా నేనే వెళ్లాను. డాక్టరు చల్లగా చెప్పాడు. "ఇది నయమైపోయే జబ్బు. రోజుకొక్క టాబ్లెట్, ఎనభై నాలుగు రోజులు. ఒక్కరోజు కూడా మానకూడదు." ముందుగా హెపటైటిస్ బి ఉందేమోనని ఇంకో టెస్టు కూడా చేయించాడు. దీనికి మందు వేస్తుంటే అది నిద్రలేచే ప్రమాదం ఉందట. అనుమానం మనుషులు!

మందుల కౌంటర్లో ఫార్మసిస్టమ్మ ఇంకా అన్యాయం. పోలీసు స్టేషన్లో కూడా అన్ని ప్రశ్నలు వేయరు.

"బీపీకి, గుండెకి, నిద్రకి, గ్యాస్‌కి ఏమైనా వాడుతున్నారా? ఆకుపొడులు, కషాయాలు?"

"ఏం లేవమ్మా," అన్నాడు బావ.

పక్కనే ఉన్న నేను నోరెత్తలేదు. బావ రోజూ రెండు పూటలా తాగే గ్యాస్ సిరప్ నేను మొదలుపెట్టిందే. అయినా గ్యాస్ మందు కూడా ఒక మందేనా? గుక్కెడు నీళ్లు తాగినా చెప్పమంటారు రేపు!

"కొత్తగా ఏది వేసుకోవాలన్నా ముందు నాకు ఫోన్ చేయండి," అని డబ్బా మీద నంబరు రాసిచ్చింది.

ఆ నంబరు అవసరం లేకుండా చేసింది, అక్కావాళ్లూ నేనూ చెరో వాటాలో ఉండే మా బిల్డింగే. సంగతి తెలిసిన సాయంత్రానికే వైద్యమండలి సమావేశమైంది. కింది వాటాలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు, ఇంటి ఓనరమ్మ, నేను. ముగ్గురిలో ఒక్కరం కూడా డాక్టర్లం కాదు. కాబట్టే ఏ సందేహమూ లేకుండా మాట్లాడగలిగాం.

మాస్టారు లెక్కతో మొదలుపెట్టారు. "రోజుకొకటి చొప్పున ఎనభై నాలుగు మింగితే లివరు మీద ఎంత బరువు? అప్పుడప్పుడూ ఓ రోజు మానేస్తే బరువు తగ్గుతుందా లేదా? సింపుల్ లెక్క!"

ఓనరమ్మ ఒక డబ్బా నిండా ఆకుపొడి తెచ్చింది. "పొద్దున్నే పరగడుపున చెంచాడు. ఎంత చేదుగా ఉంటే అంత పనిచేస్తున్నట్టు." మందు ఇచ్చినావిడే అక్క ఇచ్చిన టీ మాత్రం ముట్టుకోలేదు. గ్లాసుల వల్ల, కంచాల వల్ల, పక్కన కూర్చోవడం వల్ల ఇది అంటుకోదని డాక్టరు చెప్పాడని అక్క అంటే, "డాక్టర్లు అలాగే అంటారమ్మా," అని నవ్వింది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా తన గ్లాసు తనే తెచ్చుకునేది. ఎంత దూరదృష్టి!

నా వంతుగా నేను, "టాబ్లెట్ వేసుకోగానే రెండు మూతల సిరప్ తాగు బావా, కడుపులో మంట రాదు," అన్నాను. మంట వచ్చిందా అని అడగకండి. రాకముందే ఆపడం కదా గొప్ప!

మూడో వారంలో బావకి తలనొప్పి, నీరసం మొదలయ్యాయి. లిఫ్టు గుంటలోంచి పైకెక్కుతుంటే కాళ్లు వణికాయన్నాడు. మాస్టారి ఆనందానికి అంతులేదు. "చెప్పానా? మందు వేడి! లివర్‌కి విశ్రాంతి కావాలి."

బావ విశ్రాంతి ఇచ్చాడు. అక్కకి చెప్పలేదు.

రెండో నెల డబ్బా తెచ్చుకునే రోజు అక్క కూడా మాతో బయల్దేరింది. ఫార్మసిస్టమ్మ పాత డబ్బా మూత తీసి బల్ల మీద బోర్లించింది.

"ఇరవై ఎనిమిది రోజులయ్యాయి. ఇందులో ఇంకా నాలుగున్నాయే?"

అక్క బావ వైపు తిరిగింది. "నాలుగేంటి? రోజూ అడుగుతుంటే వేసుకున్నానని చెప్తున్నారుగా!"

బావ నేల చూపులు చూశాడు. "లివర్‌కి కాస్త రెస్టు ఇచ్చా."

"ఎవరు ఇమ్మన్నారు?" అంది ఫార్మసిస్టమ్మ.

"మా మాస్టారు."

"ఏం మాస్టారు?"

"లెక్కల మాస్టారు."

ఆవిడ నవ్వలేదు. "ఇంకేం వాడుతున్నారు?"

బావ జవాబు చెప్పేలోపే అక్క తన సంచిలోంచి సిరప్ సీసా, ఆకుపొడి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. అడగాలనే తెచ్చుకుందట! సొంత అక్క ఇలా చేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"ఈ సిరప్ ఎవరిచ్చారు?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను గోడ మీద చేతులు కడుక్కునే పద్ధతి గురించి అంటించిన బొమ్మల్ని శ్రద్ధగా చదవసాగాను.

ఫార్మసిస్టమ్మ గొంతు పెంచలేదు. అదే బాగా గుచ్చుకుంది. "ఈ సిరప్ టాబ్లెట్‌తో పాటు తాగితే టాబ్లెట్ ఒంటికి సరిగ్గా పట్టదు. పొడిలో ఏముందో డబ్బా మీద రాయలేదు. ఏముందో తెలియనిది అసలే దెబ్బతిన్న లివర్‌కి ఎలా ఇస్తాం? మందు అరకొరగా అందితే వైరస్ చావదండీ, మందుకి అలవాటు పడుతుంది. అప్పుడు వేరే మందుతో మళ్లీ మొదట్నుంచి రావాలి. తలనొప్పి వస్తే మాకు చెప్పాలి, మానేయకూడదు. ఒకరోజు మర్చిపోతే మమ్మల్ని అడగాలి, మర్నాడు రెండు కలిపి మింగేయకూడదు."

లోపలికెళ్లి డాక్టరుతో మాట్లాడి వచ్చింది. ఇవాళ్టి నుంచి ఆపకుండా వేసుకోమంది. సిరప్, పొడి బంద్. నయమైందో లేదో చివరి టెస్టులో తేలుతుందని, ఇప్పుడే మాట ఇవ్వలేనని చెప్పింది.

"అందరూ మన మంచికే చెప్తున్నారు కదమ్మా," అన్నాడు బావ మెల్లగా. "ఎవరి మాట తీసేయాలో నాకు తెలీలేదు."

బస్సు దిగాక అక్క నాతో ఒక్క ముక్క అంది. "ఒరే, ఇకనుంచి నీ నోరు అన్నం తినడానికే అనుకో."

ఆ రోజుతో మా వైద్యమండలికి నిరుద్యోగం పట్టుకుంది. పొద్దున ఎనిమిదింటికి బావ మంచినీళ్ల గ్లాసు పట్టుకుని అక్క ఎదురుగా నిలబడాలి. టాబ్లెట్ మింగి నోరు తెరిచి చూపించాలి. అప్పుడే టిఫిన్ బాక్సు చేతికొస్తుంది. తలనొప్పికి అక్క ఆస్పత్రికే ఫోన్ చేసి, వాళ్లు చెప్పింది వేసింది. నాలుగు రోజుల్లో తగ్గింది. మాస్టారు పరామర్శకి వస్తే గుమ్మంలోనే, "ఆయన నిద్రపోతున్నారండీ," అనేది. లోపల బావ సుత్తితో కుర్చీ కాలు బిగిస్తున్న చప్పుడు మా అందరికీ వినిపిస్తూనే ఉండేది!

మందులు అయిపోయాయి. ఇంకో పన్నెండు వారాలు ఆగి టెస్టు చేశారు. ఆ పన్నెండు వారాలూ అక్క ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చుంది. మానేసిన ఆ నాలుగు టాబ్లెట్ల వల్ల వైద్యం మొత్తం వృథా అవుతుందేమోనని.

రిపోర్టు వచ్చింది. రక్తంలో వైరస్ లేదు.

ఇంక చూడాలి సంబరం! "విశ్రాంతి ఇవ్వబట్టే," అన్నారు మాస్టారు. "మొదట్లో నా పొడి పడబట్టే," అంది ఓనరమ్మ, తన గ్లాసులో టీ తాగుతూ. నేనూ ఏదో అనబోయి, అక్క మొహం చూసి, మంచినీళ్లు తాగాను.

ఇక్కడితో ఆపేస్తే ఉచిత సలహా ఎంత గొప్పదో మీకు సగమే తెలుస్తుంది. అసలుది ఇప్పుడు చెప్తాను.

రిపోర్టు ఇచ్చేటప్పుడు డాక్టరు బావని అడిగాడట. అసలిది ఎక్కడ సోకి ఉంటుందని. బావ చెప్పాడట. కుర్రతనంలో ఒకాయన దగ్గర సూది వేయించుకున్నాను, ఆయన దగ్గర ఒకటే గాజు సిరంజి ఉండేది, మనిషికీ మనిషికీ మధ్య వేడినీళ్ల గిన్నెలో ఓసారి ముంచేవాడు అని. కచ్చితంగా అక్కడే అని చెప్పలేమన్నాడట డాక్టరు. కానీ అక్కడ సూది వేయించుకున్న ప్రతివాళ్లూ టెస్టు చేయించుకోవడం మంచిదన్నాడట.

"అయితే మా బావమరిదిని కూడా తీసుకొస్తాను," అన్నాడట బావ.

అవును. అక్క పెళ్లికి ముందు నేనూ బావా ఒకే గదిలో అద్దెకుండేవాళ్లం. ఓసారి ఆయనకి జ్వరం వస్తే ఆస్పత్రికి వెళ్తానన్నాడు. నేనే ఆపాను. "ఆస్పత్రెందుకు, సూదాయన దగ్గరికి పోదాం పద, ఒక్క పోటుకి లేచి పరిగెడతావు," అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను. పనిలో పనిగా నేనూ ఒకటి పొడిపించుకున్నాను, బలానికి. నా జీవితంలో నేనిచ్చిన మొట్టమొదటి వైద్య సలహా అదే!

ఎవరు లాక్కెళ్లారన్నది బావ డాక్టరుకి చెప్పలేదు. అక్కకీ చెప్పలేదు. నాకు మాత్రం ఫోన్ చేసి, "రేపు ఖాళీగా ఉంటావా, ఓ చిన్న టెస్టు," అన్నాడంతే.

నాకూ ఉంది.

ఇవాళ్టికి నా మందు మొదలై ముప్పై ఒక్క రోజులు. ఫార్మసిస్టమ్మ అడిగిన ప్రతిదానికీ చిన్నపిల్లాడిలా నిజం చెప్పాను. గ్యాస్ సిరప్, అప్పుడప్పుడూ వేసుకునే నిద్రమాత్ర, బలానికని మింగే ఏవో గోళీలు. ఒక్కటీ దాచలేదు. ఒక్క టాబ్లెట్టూ మానలేదు. బిల్డింగ్‌లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మాస్టారు మెట్ల మీద కనిపిస్తే గబగబా పైకి ఎక్కేస్తున్నాను. వరం కదా, అందరికీ అందాలి. నాకొక్కడికే ఎందుకు?

మొన్న ఆదివారం బావ వచ్చాడు. నా గ్లాసులోనే మంచినీళ్లు తాగాడు. కాసేపు కూర్చుని, "భయంగా ఉందా?" అన్నాడు.

బావకి జబ్బని తెలిసినప్పటి నుంచీ నేను ఆయనకి వందసార్లు ఏదో ఒకటి చెప్పాను. ఈ మాట మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

"ఉంది బావా," అన్నాను.

"ఊఁ," అన్నాడు.

అంతే! ఏం తినాలో చెప్పలేదు. ఏం మానాలో చెప్పలేదు. సూదాయన ఊసు ఎత్తలేదు. చెయ్యి నా భుజం మీద వేసి అరగంట అలాగే కూర్చుని వెళ్లిపోయాడు. ఒక రోగి ఇంటికొచ్చి, అంతసేపుండి, ఒక్కటంటే ఒక్క సలహా ఇవ్వకుండా పోయేవాణ్ణి ఏమనాలి? ఇలాంటి చేతకాని మనుషులు ఇంటికొకడుంటే, నాలాంటివాళ్ల గతేం కావాలి?